కాలి కింద గమకం

గిటారు వాయించేవారికి ఖాళీ చెయ్యంటూ ఉండదు. ఎడమచేతి వేళ్ళు తీగల మీద స్వరాన్ని పట్టుకుంటాయి, కుడిచెయ్యి మీటుతుంది. ఆ స్వరానికి రంగు పూసే పరికరం మాత్రం నేల మీద, కాళ్ళ దగ్గర ఉంటుంది. గిటారుకూ యాంప్లిఫయరుకూ మధ్య కేబుల్‌లో చేర్చే ఆ చిన్న లోహపు డబ్బా పేరు ఎఫెక్ట్ పెడల్. గిబ్సన్ సంస్థ 1962లో మాయెస్ట్రో ఫజ్-టోన్ తెచ్చిన నాటి నుంచి దాని రూపం పెద్దగా మారలేదు. పైన రెండు మూడు నాబులు, వాటి దగ్గరే తొక్కడానికి ఒక స్విచ్. స్విచ్ కాలి వంతు, నాబులు చేతి వంతు. చిక్కంతా ఈ పంపకంలోనే ఉంది. కాలు ‘ఉండాలా, వద్దా’ అన్నంత వరకే చెప్పగలదు. ‘ఎంత’ అన్నది చెప్పాలంటే వాయించడం ఆపి కిందికి వంగాలి. కచేరీ మధ్యలో అది కుదరదు కనుక, ‘ఎంత’ అన్న ప్రశ్నకు జవాబు పాట మొదలవక ముందే స్థిరపడిపోతుంది. పెడల్ మూత విప్పి, అందులోని నాబు చేసే పనిని వేరే చోటి నుంచి, అంటే కాలితో వంచే తొక్కుడుపలక నుంచో, వేదిక పక్కనున్న కంట్రోలర్ నుంచో నడిపేలా మార్చుకునేవాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు. చాలామంది దృష్టిలో ఇది నడుం వంచే శ్రమ తప్పించే ఏర్పాటు. నాకు అంతకంటే చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. వాయిస్తున్న క్షణంలోనే కదిలించగలిగితే నాబు స్వభావమే మారుతుంది. అప్పటిదాకా అది ఒక అమరిక. ఆ తరువాత అది వాద్యంలో భాగం.

దీనికి చరిత్రలోనే గట్టి సాక్ష్యం ఉంది. 1966లో కాలిఫోర్నియాలోని థామస్ ఆర్గన్ కంపెనీలో బ్రాడ్ ప్లంకెట్ అనే యువ ఇంజనీరుకు ఒక పని అప్పగించారు. వాక్స్ యాంప్లిఫయర్లలో మధ్యస్థాయి ధ్వనులను ఎత్తి చూపడానికి మూడు స్థానాల స్విచ్ ఒకటి ఉండేది. దాని ఖరీదు ఎక్కువ. దాని బదులు చవకైన పొటెన్షియోమీటర్‌తో, అంటే నాబు కింద తిరిగే ‘పాట్’తో, అదే పని జరిగేలా చూడమన్నారు. స్విచ్‌కు ఉన్నవి మూడే మెట్లు. పొటెన్షియోమీటర్‌కు మెట్లు లేవు, జారుడే ఉంది. దాన్ని తిప్పుతుండగా గిటారు నోరు తెరిచి మూసినట్టు పలికింది. ఆ సర్క్యూట్‌ను ఎలక్ట్రానిక్ ఆర్గన్ వాల్యూమ్ పెడల్ డబ్బాలో బిగించారు. మడమ నుంచి మునివేళ్ళ వైపు కాలు ఒత్తితే పళ్ళ పట్టీ కదిలి పాట్‌ను తిప్పుతుంది. మరుసటి ఏడు వా-వా పెడల్ బజారుకు వచ్చింది. ఇక్కడ గమనించవలసింది ఒకటే. స్విచ్‌గా ఉన్నంత కాలం ఆ ఫిల్టర్ యాంప్లిఫయర్ మీది ఒక మామూలు సదుపాయం. కాలి కిందికి చేరగానే మనిషి గొంతును తలపించే వాద్యమైంది. ధ్వనికి చేసే పని అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే, కొన్ని పౌనఃపున్యాల దగ్గర శబ్దాన్ని ఎత్తి చూపడం. కొత్తగా వచ్చిందల్లా కదలిక, ఆ కదలిక వాయించేవాడి శరీరానికి అందడం.

కర్ణాటక సంగీతం విన్న చెవులకు ఇది వింత విషయం కాదు. స్వరం ఎక్కడ నిలిచిందన్నది సగం సంగతే. ఒక స్వరం నుంచి మరో స్వరానికి ఏ దారిన వెళ్ళిందన్నది మిగతా సగం. తోడి రాగంలో గాంధారాన్ని కదలకుండా నిలబెట్టి వాయిస్తే స్థానం సరిగ్గానే ఉంటుంది, రాగం మాత్రం పలకదు. నాదగుణానికీ అలాంటి గమకం ఉంటుందన్నది వా-వా చూపించిన సంగతి. శ్రుతి కదలకుండా రంగు కదలడం, ఆ కదలికలోనే భావం ఉండడం. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఇదే మార్గంలో ఆలోచించారని నేననుకుంటాను. మాండొలిన్‌కు నాలుగు జతలుగా ఎనిమిది తీగలు ఉంటాయి, నాదం త్వరగా ఆరిపోతుంది. ఆయన ఒంటి తీగలు అయిదు కట్టిన ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నారు. ఒంటి తీగ వేలికి లొంగుతుంది. యాంప్లిఫయర్ ద్వారా వచ్చే నాదం గమకం ముగిసేదాకా నిలుస్తుంది. అంటే ఇక్కడ వాద్యంలో మార్పు చేసింది స్వరాల మధ్యనున్న దారి చేతికి దొరకడం కోసం. పెడల్ లోపలి నాబును బయటికి తెచ్చే పనిని నేను ఈ వరుసలోనే చూస్తాను.

అయితే ప్రతి నాబులోనూ గమకం ఉండదు. ఇది తెలియకపోవడం వల్ల ఈ పనిలో ఎంతో శ్రమ వృథా అవుతుంది. డిస్టార్షన్ పెడల్ మీది డ్రైవ్ నాబునే తీసుకుందాం. ధ్వని తరంగం శిఖరాలు ఒకసారి తెగడం మొదలయ్యాక, ఇంకా ఎంత తిప్పినా చెవికి తెలిసే తేడా క్రమంగా తగ్గిపోతుంది. దానికోసం తొక్కుడుపలక పెట్టుకుంటే కాలికి పని, చెవికి మాత్రం దక్కేది కొంచెమే. డిలే పెడల్ సంగతి పూర్తిగా వేరు. పాత అనలాగ్ డిలేల్లో ధ్వని ఒక చిప్‌లో అంచెలంచెలుగా చేతులు మారుతూ ముందుకు సాగుతుంది, బావి దగ్గర వరుసగా నిలబడినవాళ్ళు బిందెలు అందించుకున్నట్టు. మాట్సుషిత తయారు చేసిన ఎం.ఎన్.3005 చిప్‌లో అలాంటి అంచెలు 4,096. వాటిని నడిపే గడియారం వేగమే డిలే కాలాన్ని నిర్ణయిస్తుంది. ధ్వని ఇంకా దారిలో ఉండగా ఆ వేగం తగ్గిస్తే లోపలున్న స్వరం కిందికి జారి వినిపిస్తుంది, పెంచితే పైకి లేస్తుంది. ఆ నాబును ముందే తిప్పి వదిలేస్తే ప్రతిధ్వని ఎంతసేపటికి రావాలన్నదే తేలుతుంది. వాయిస్తూ కదిలిస్తే, వెనుక నుంచి వచ్చే ప్రతిధ్వనికే జారు అమరుతుంది. ప్రతిధ్వనిని మళ్ళీ లోపలికి పంపే ఫీడ్‌బ్యాక్ నాబూ అంతే. ఒక హద్దు దాటితే ప్రతిధ్వని ఆరిపోవడం మాని తనంతట తాను పెరుగుతూ పోతుంది. ఆ హద్దు దాటించడం, పట్టు జారకముందే వెనక్కి తేవడం వాయించేవాడు చెయ్యదగిన పని. ఫుమియో మియెదా రూపొందించిన, శబ్దాన్ని ఊగించే యూని-వైబ్ పెడల్ తయారీదార్లు ఈ సంగతి 1960లలోనే గ్రహించారు. ఆ పరికరంతో పాటే వేగాన్ని మార్చే తొక్కుడుపలక కూడా వచ్చేది. వేగం స్థిరంగా ఉన్నప్పుడు అది ఊగుతున్న శబ్దం. వేగం మెల్లగా తగ్గి మళ్ళీ పుంజుకుంటున్నప్పుడు అది ఊపిరి తీసుకుంటుంది.

యూని-వైబ్ మూత విప్పితే ఈ కళలోని అతి ముఖ్యమైన పాఠం కూడా దొరుకుతుంది. లోపల ఒక చిన్న బల్బు, దాని చుట్టూ వెలుతురుకు స్పందించే నాలుగు ఎల్‌డిఆర్‌లు. బల్బు వెలిగి ఆరుతుంటే వాటి నిరోధం మారుతుంది, దానితో ధ్వనీ మారుతుంది. ఆజ్ఞకూ నాదానికీ మధ్య అటూ ఇటూ కలిపే వైరు లేదు, వెలుతురు మాత్రమే ఉంది. నాబును దూరం నుంచి తిప్పాలనుకున్నవారికి మొదట తట్టే దారి, లోపలి పాట్ దగ్గర వైర్లు కలిపి అయిదు మీటర్ల కేబుల్ లాగి అవతల ఇంకో పాట్ పెట్టడం. ఇది పనిచేస్తుంది కానీ నాదం పాడవుతుంది. మామూలు గిటారు కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారాడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. అయిదు మీటర్లకు 500. 100 కిలోఓమ్‌ల నిరోధం వెనుక అది చేరితే 3,200 హెర్ట్జ్ దగ్గర నుంచే శబ్దం తరగడం మొదలవుతుంది. గిటారు నాదంలోని చురుకు చాలావరకు ఆ పైనే ఉంటుంది. పైగా అంత పొడుగు తీగ వేదిక మీది లైట్ల గుర్రునంతా యాంటెన్నాలా పట్టుకుని లోపలికి తెస్తుంది. అందుకే అనుభవమున్నవాళ్ళు నాదాన్ని డబ్బాలోనే ఉంచుతారు. పాట్ స్థానంలో ఒక ఎల్ఇడి, ఒక ఎల్‌డిఆర్ కలిపి వెలుతురు చొరని గొట్టంలో మూసిన ముక్కను పెడతారు. వ్యాక్ట్రోల్ అన్న వ్యాపార నామంతో అది ఎప్పటి నుంచో అమ్ముడవుతోంది. దూరం నుంచి వచ్చేది ఎల్ఇడిని వెలిగించే కరెంటు మాత్రమే. ఆ వైరు ఎంత పొడుగున్నా నాదానికి ముప్పు లేదు.

ఎల్‌డిఆర్‌కు ఒక లోపం ఉంది. వెలుతురు పడితే చురుగ్గా స్పందిస్తుంది, చీకటిలోకి మాత్రం నెమ్మదిగా వెళుతుంది. రెండు ముక్కలు ఒకేలా ఉండవు, ప్రతి ఒక్కదాన్నీ కొలిచి చూసుకోవాలి. దీనికి విరుగుడుగా డిజిటల్ పొటెన్షియోమీటర్ వాడమంటారు. మైక్రోచిప్ సంస్థ చేసే ఎం.సి.పి.41100 లాంటి చిప్‌లో 100 కిలోఓమ్‌ల నిరోధం 256 మెట్లుగా కచ్చితంగా విభజించి ఉంటుంది. కచ్చితత్వమే దాని బలం. అయితే ఆ చిప్ 5.5 వోల్టులకు మించి ఓర్చుకోదు, పెడల్ నడిచేది 9 వోల్టుల మీద. నాదం దాని హద్దు దాటకుండా చుట్టూ ఉన్న సర్క్యూట్‌నే మార్చుకోవలసి వస్తుంది. పైగా మెట్టు నుంచి మెట్టుకు దూకేటప్పుడు సన్నని గరగర వినిపించవచ్చు. ఎల్‌డిఆర్ బద్ధకం ఇక్కడ వరమవుతుంది. మెట్లను అదే నునుపు చేసి జారుగా మారుస్తుంది. కచ్చితత్వం కావాలంటే డిజిటల్, కదలిక కావాలంటే వెలుతురు. పని గమకమే కనుక నా ఓటు వెలుతురుకే.

ఆజ్ఞను నాదం నుంచి వేరు చెయ్యాలన్న ఈ సూత్రం పెడల్ తయారీలో మరో రెండు చోట్ల కనిపిస్తుంది. రోలాండ్‌కు చెందిన ఇకుతారో కకెహషి, సీక్వెన్షియల్‌కు చెందిన డేవ్ స్మిత్ చొరవతో 1983లో వాద్య పరికరాలు ఒకదానికొకటి ఆజ్ఞలు పంపుకునే మిడి ప్రమాణం వచ్చినప్పుడు, సందేశం అందుకునే ప్రతి పరికరం ముఖద్వారం దగ్గర ఆప్టోకప్లర్ ఉండాలని నియమం పెట్టారు. అక్కడా రెండు పరికరాల మధ్య దాటేది వెలుతురే. సెకనుకు 31,250 బిట్ల వేగంతో మూడు బైట్ల ఆజ్ఞ చేరడానికి పట్టేది ఒక మిల్లీసెకను లోపే. రెండో చోటు ఆన్-ఆఫ్ స్విచ్. 1970ల చివరి నుంచి వచ్చిన బాస్, ఐబనేజ్ పెడల్లలో కాలు నొక్కే మీట గుండా నాదం అసలు ప్రవహించదు. మీట ఒక ఫ్లిప్-ఫ్లాప్‌ను తట్టి లేపుతుంది, దారి మళ్ళించే పని లోపలి ట్రాన్సిస్టర్లు చూసుకుంటాయి. ఆ మీటకు సమాంతరంగా రెండు వైర్లు తీసి ఒక జాక్ బిగిస్తే చాలు, దూరం నుంచి నడిపే ఏర్పాటు సిద్ధం. అయితే అలా తట్టినప్పుడు పెడల్ వెలిగిందో ఆరిందో కంట్రోలర్‌కు తెలియదు. ఎల్ఇడి దగ్గరి వోల్టేజిని కూడా చదివి చూసుకుంటేనే లెక్క తప్పకుండా ఉంటుంది. గిటారిస్టులు ఎంతో మెచ్చుకునే ట్రూ బైపాస్ పెడల్లలో నాదమంతా స్విచ్ గుండానే వెళుతుంది. కాబట్టి స్విచ్‌ను తీసేసి రిలే పెట్టక తప్పదు. నాదానికి మేలని పేరు పొందిన పద్ధతి దూరనియంత్రణకు అన్నింటికంటే మొండిది కావడం ఆలోచించవలసిన విషయం. నాదమూ ఆజ్ఞా ఒకే లోహపు కొసల మీద నడవడమే అందుకు కారణం.

ఇంత తంటాలు ఎందుకు, ప్రతి నాబునూ మిడితో నడిపే డిజిటల్ పరికరాలు ఎన్నో దొరుకుతున్నాయి కదా అన్నది మొదటి అభ్యంతరం. న్యాయమైన ప్రశ్నే. దూరనియంత్రణ ఒక్కటే కావాలంటే వాటిని కొనుక్కోవడమే తెలివైన పని. టంకం వేసే అవసరమే లేదు. పెడల్‌ను విప్పేవాళ్ళకు కావలసింది ఒక నిర్దిష్టమైన సర్క్యూట్, దాని సొంత ప్రవర్తన. మిన్నెసోటాలోని చేస్ బ్లిస్ లాంటి సంస్థలు నాదాన్ని అనలాగ్ మార్గంలోనే నడిపిస్తూ నాబుల పెత్తనం మాత్రం డిజిటల్ మెదడుకు అప్పగిస్తున్నాయంటే, ఈ రెంటినీ విడదీయవచ్చని తయారీదార్లే ఒప్పుకున్నట్టు. దూరనియంత్రణ పేరుతో జరిగే హాని ఇంకో చోట ఉంది, ఈ అభ్యంతరం దాన్ని అందుకోదు. 1966లో లండన్‌లో ఆర్బిటర్ సంస్థ తెచ్చిన ఫజ్ ఫేస్‌లో ఉన్నవి రెండు జర్మేనియం ట్రాన్సిస్టర్లు, రెండు నాబులు. దాని ఇన్‌పుట్ ఇంపిడెన్స్ చాలా తక్కువ. అందువల్ల గిటారు పికప్‌లోని తీగచుట్టా, గిటారు మీది వాల్యూమ్ నాబూ ఆ సర్క్యూట్‌లో భాగమైపోతాయి. గిటారు వాల్యూమ్ కాస్త తగ్గిస్తే ఫజ్ మొరటుతనం వదిలి గాజులా తేలికపడుతుంది. అంటే ఫజ్ ఫేస్‌కు పుట్టుకతోనే దూరనియంత్రణ ఉంది, అదీ వాయించేవాడి చిటికెనవేలికి అందేంత దగ్గరలో. ఎంతో సంకల్పంతో కట్టిన స్విచ్చింగ్ వ్యవస్థలో ముందు గిటారునూ సర్క్యూట్‌నూ విడదీసే బఫర్ ఒకటి పెడితే ఆ బంధం తెగిపోతుంది. వాల్యూమ్ తగ్గించినా ఆ తేలికదనం రాదు. అన్నింటినీ కాలి కిందికి తేవాలన్న ఆత్రంలో, చేతిలో ఉన్నదాన్ని పోగొట్టుకోవడం ఇలాగే జరుగుతుంది. పెడల్ మూత విప్పే ముందు, ఇందులో ఏది ఇప్పటికే వాద్యానికి కట్టుబడి ఉందో చూసుకోవాలి.

రెండో అభ్యంతరం పాత వస్తువుల మీద గౌరవం నుంచి వస్తుంది. 1960ల నాటి అసలు పెడల్‌కు డ్రిల్లుతో రంధ్రం వేయడం నేనూ ఒప్పుకోను. అది తిరిగి రాని నష్టం. అయితే లక్షల్లో తయారైన మామూలు పెడల్‌కు ఆ న్యాయం వర్తించదు. ఏదైనా సరే, వెనక్కి తీసుకోగలిగేలా చేసిన మార్పు అపచారం కాదు. మృదంగం ఎడమవైపు చర్మానికి కచేరీ ముందు రవ్వముద్ద అద్దుతారు, ముగిశాక గీకేస్తారు. నాదం ఎంతగా మారినా వాద్యం చెక్కుచెదరదు. పెడల్‌లోనూ అలాంటి మర్యాద పాటించవచ్చు. స్విచ్ ఉన్న జాక్ వాడితే ప్లగ్ పెట్టనప్పుడు పాత నాబే పనిచేస్తుంది, ప్లగ్ పెడితేనే పెత్తనం బయటికి పోతుంది. బోర్డు మీది రాగిగీతలు కొయ్యకుండా, పాట్ కాళ్ళ దగ్గర మాత్రమే టంకం విప్పి పని ముగించాలి. పాత పాట్‌ను తీసేయక తప్పనప్పుడు దాన్ని అదే డబ్బాలో సంచిలో వేసి దాచేవాళ్ళ పట్ల నాకు ఎంతో గౌరవం.

ఇక మూడో అభ్యంతరం, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది, ప్రీసెట్లు చాలవా అన్నది. ఒక్క తొక్కుతో పది పెడల్ల స్థితిని మార్చే ప్రీసెట్ వ్యవస్థలు 1980లలో లాస్ ఏంజెలెస్‌లో బాబ్ బ్రాడ్‌షా వంటివారి చేతుల మీదుగా పెద్ద వేదికలకు వచ్చాయి. పాట ఒక భాగం నుంచి మరో భాగానికి మారేటప్పుడు నాలుగు స్విచ్‌ల మీద కాళ్ళాడించే బాధను అవి తప్పించాయి. వాయించేవాడి కళ్ళు నేల మీద నుంచి లేచి తోటి కళాకారుల వైపు తిరిగాయి. ఇది చిన్న మేలు కాదు. అయినా ప్రీసెట్ అంటే ఒక నిలకడ నుంచి మరో నిలకడకు దూకడమే. మధ్యలో దారి ఉండదు. నా వాదన కదలిక గురించి కనుక దాన్ని దీనితో కలపకూడదు. ఈ రెంటికీ తేడా తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. పెద్ద కచేరీల్లో తెర వెనుక ఉన్న సాంకేతికుడే సరైన క్షణంలో ప్రీసెట్ మార్చడం మామూలే. వినేవాళ్ళకు లోటేమీ తెలియదు. తాళం ఇంకొకరు వేసినట్టే అది. వా-వా తొక్కుడుపలకను మాత్రం ఆయనకు అప్పగించలేం. ఎక్కడ తెరవాలో, ఎంత మెల్లగా మూయాలో తీగ మీది వేలికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. వేరొకరికి అప్పగించగలిగినది అమరిక, అప్పగించలేనిది గమకం. బయటికి తేదగిన నాబు ఏదో తేల్చుకోవడానికి దీనికంటే మంచి గీటురాయి నాకు దొరకలేదు.

పరిమితులే కళను పదునెక్కిస్తాయి, నాబులు చేతికందకపోవడం కూడా అలాంటి పరిమితే అని కొందరంటారు. అందులో నిజం లేకపోలేదు. వా-వాను సగంలో ఆపి కదలకుండా వాయించి గొప్ప నాదం రాబట్టినవారున్నారు, గిటారిస్టు మిక్ రాన్సన్ వారిలో పేరుమోసినవాడు. కానీ ఆ సగం ఎక్కడన్నది ఆయన కాలితోనే వెతుక్కున్నాడు, చెవితో వింటూ పట్టుకున్నాడు. కదలగలిగినది కదలకుండా నిలిచినప్పుడు ఆ నిలకడకు అర్థం ఉంటుంది. అసలు కదలలేనిదానికి నిలకడ అన్న మాటే వర్తించదు. పరిమితి అంతగా కావాలంటే శరీరం దాన్ని ఎలాగూ ఇస్తుంది. నిలబడి వాయించే మనిషికి ఒక కాలు నేల మీద ఉండాలి. మిగిలిన కాలు ఒక్క సమయంలో ఒక్క కదలికనే శ్రద్ధగా చెయ్యగలదు. అందుకే ఆరు పెడల్లలో పద్దెనిమిది నాబులకు జాకులు బిగించడం కంటే, ఒక పెడల్‌లో ఒక్క నాబును ఎంచుకుని దాన్ని బాగా పలికించడం మేలు.

ఆ ఒక్కటి బాగా పలకడమన్నది చివరికి కొలతల పని. నాబు మొత్తం తిరిగే మేరలో చెవికి పనికొచ్చేది చాలాసార్లు మూడో వంతు. మిగతాదంతా మరీ మందం, లేదా మరీ పదును. తొక్కుడుపలక మడమ నుంచి మునివేళ్ళ దాకా ఆ మూడో వంతునే పరచాలి, దానికి రెండు కొసల్లో రెండు రెసిస్టర్లు చాలు. తరువాత వంపు. కాలు సమంగా కదిలితే మార్పు చెవికి సమంగా వినిపించాలి, అందుకు నిరోధం సమంగా మారితే చాలదు. వా-వా పాట్‌లను అందుకనే ప్రత్యేకమైన వంపుతో చేస్తారు. అందులోని పళ్ళ పట్టీ కూడా పాట్‌ను పూర్తిగా తిప్పదు, మధ్యలో కొంత మేరకే తిప్పుతుంది. ఆ మేర ఎక్కడ మొదలవాలన్నది నచ్చకపోతే రిపేరు తెలిసినవాళ్ళు పట్టీని కాస్త ఎత్తి, చక్రాన్ని ఒక్క పన్ను జరిపి మళ్ళీ దింపుతారు. సర్క్యూట్‌లో ఏదీ మారదు. మడమ దగ్గర బొంగురుగా మూసుకుపోయే గొంతు ఆ ఒక్క పన్ను తేడాతో కాస్త తెరుచుకుంటుంది.